రూ.355 అందరికీ కాదు: గోవాడ చెరకు ధరలో మీ ఆప్టిట్యూడ్ పాఠం

చెరకు క్వింటాల్‌కు రూ.355. 2025-26 సీజన్‌కు కేంద్రం ఖరారు చేసిన ధర ఇది. 2025 ఏప్రిల్ 30న ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ దీనికి ఆమోదం తెలిపింది. పోటీ పరీక్షలకు చదువుతున్న వాళ్లయితే కరెంట్ అఫైర్స్ నోట్సులో ఒక లైన్ రాసుకునే ఉంటారు: ‘ఎఫ్‌ఆర్‌పీ రూ.355’ అని.

ఆ లైన్ తప్పు కాదు. కానీ సగమే. మిగతా సగం ఏంటంటే, ‘10.25 శాతం రికవరీ ఉంటే’. ఈ నాలుగు మాటలు వదిలేస్తే గోవాడ దగ్గర చెరకు పండించే రైతుకు ఎంత వస్తుందో మీరు చెప్పలేరు. మీలో చాలామంది ఇళ్లలో ఆ డబ్బుతోనే ఫీజులు కట్టారు కాబట్టి ఈ లెక్క పరీక్ష కోసమే కాదు, ఇంటి కోసం కూడా తెలిసి ఉండాలి.

‘రీజనింగ్ వచ్చేస్తుంది కానీ మ్యాథ్స్ భయం’. కోచింగ్‌లో ఉన్న ఫ్రెండ్స్ దగ్గర నేను ఎక్కువగా వినే మాట ఇది. ఏ టాపిక్ అని అడిగితే పర్సంటేజీలు, రేషియో, మిక్చర్లు అంటారు. ఇవన్నీ 6, 7, 8 తరగతుల్లో నిష్పత్తి, అనుపాతం అని చదువుకున్నవే. గ్రామీణ భారతంలో 14-18 ఏళ్ల వాళ్లపై ‘అసర్’ 2023 సర్వే చేసింది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క సరిగ్గా చేసినవాళ్లు 43.3 శాతమే. భాగహారమే తడబడితే నిష్పత్తి ఎలా వస్తుంది? అందుకే ఈసారి టెక్స్ట్‌బుక్ పక్కన పెట్టి చోడవరం పక్కనున్న గోవాడ షుగర్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచి మొదలుపెడదాం.

అది ధర కాదు, నిష్పత్తి

రికవరీ అంటే ఏంటి? 100 కిలోల చెరకు ఆడితే ఎన్ని కిలోల చక్కెర వచ్చింది అన్నదే. 10.25 శాతం రికవరీ అంటే క్వింటాల్ చెరకుకు 10.25 కిలోల చక్కెర.

కేంద్రం చెప్పిన లెక్క ఇలా ఉంటుంది. 10.25 శాతం రికవరీకి రూ.355. అక్కడి నుంచి ప్రతి 0.1 శాతం పెరిగితే రూ.3.46 ఎక్కువ. ప్రతి 0.1 తగ్గితే రూ.3.46 తక్కువ. ఇప్పుడు 3.46 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 355ను 102.5తో భాగించండి. 3.463 వస్తుంది. 10.25లో 0.1లు 102.5 ఉంటాయి కదా, అదన్నమాట. గాల్లోంచి తీసిన అంకె కాదు, ఏకవస్తు పద్ధతి.

ఇంకో మెట్టు ఎక్కుదాం. వేర్వేరు రికవరీల దగ్గర ధరను రికవరీతో భాగించి చూడండి.

• రికవరీ 11: ధర 380.95. భాగిస్తే 34.63
• రికవరీ 10.25: ధర 355. భాగిస్తే 34.63
• రికవరీ 9.5: ధర 329.05. భాగిస్తే 34.64

పైసా తేడాతో ఒకటే. రెండు రాశుల్ని భాగిస్తే ప్రతిసారీ ఒకే సంఖ్య వస్తే దాన్నే అనులోమానుపాతం అంటారు. ఆ సంఖ్య పేరు అనుపాత స్థిరాంకం. స్కూల్లో దాన్ని ‘కె’ అని రాసి వదిలేశాం. ఇక్కడ దానికో అర్థం ఉంది. క్వింటాల్ చెరకులో ఒక శాతం అంటే ఒక కిలో చక్కెర. కాబట్టి 34.63 అంటే, ప్రతి కిలో చక్కెరకు మిల్లు రైతుకు ఇవ్వాల్సిన చెరకు డబ్బు. పేరుకు చెరకు ధర, అసలు లెక్క చక్కెర మీద.

ఎగ్జామ్‌లో ‘ఎక్స్, వైలు అనులోమానుపాతంలో ఉన్నాయా?’ అని టేబుల్ ఇస్తే చేయాల్సింది ఇంతే. ఒకటి పెరిగితే ఇంకోటి పెరిగిందా అని కాదు, భాగిస్తే ఒకే సంఖ్య వస్తోందా అని చూడాలి. రెండూ కలిసి పెరిగినంత మాత్రాన అనుపాతం అయిపోదు.

9.5 దగ్గర గీత విరిగింది

ఇక్కడే అసలు కథ. రికవరీ 9.5 కన్నా తగ్గితే? రైతు ధరలో ఇంకా కోత పెట్టకూడదని నిబంధన. 9.4 అయినా, 9 అయినా, 8.5 అయినా క్వింటాల్‌కు రూ.329.05 ఇవ్వాల్సిందే. రైతుకు ఇది రక్షణ. మిల్లు పాతబడి రసం సరిగా పిండలేకపోతే ఆ నష్టం రైతు మీద పడకూడదు కదా.

కానీ మిల్లు వైపు నుంచి చూడండి. చక్కెర తగ్గింది, చెరకు ధర తగ్గలేదు. అప్పుడు కిలో చక్కెరకు పడే చెరకు ఖర్చు ఎలా మారుతుంది?

• రికవరీ 9.5: 329.05 భాగించు 9.5 = రూ.34.64
• రికవరీ 9: రూ.36.56
• రికవరీ 8.5: రూ.38.71
• రికవరీ 8: రూ.41.13

9.5 పైన ఉన్నంతసేపు కిలో ఖర్చు మారలేదు. కిందికి దిగగానే పెరగడం మొదలైంది. రికవరీని కిలో ఖర్చుతో గుణిస్తే ప్రతిసారీ 329 చుట్టూనే వస్తుంది. గుణిస్తే స్థిరంగా ఉంటే అది విలోమానుపాతం. ఒకే ధర విధానంలో 9.5కు పైన ఒక నియమం, కింద ఇంకో నియమం.

ఇందులో పరీక్షలు ఇష్టంగా అడిగే మెలిక ఒకటుంది. రికవరీ 9.5 నుంచి 8కి పడిపోతే తగ్గుదల 15.8 శాతం. కిలో ఖర్చు పెరుగుదల మాత్రం 18.75 శాతం. రెండూ ఒకటి కావు. ‘చక్కెర ధర 20 శాతం తగ్గితే అదే డబ్బుకు ఎంత శాతం ఎక్కువ చక్కెర కొనొచ్చు?’ అన్న పాత ప్రశ్న గుర్తుందా? జవాబు 20 కాదు, 25. కారణం అదే. ఒకదానికి బేస్ పెద్ద సంఖ్య, ఇంకోదానికి బేస్ చిన్న సంఖ్య.

మరి మిల్లు చక్కెర ఎంతకు అమ్ముతుంది? 2019 ఫిబ్రవరిలో కేంద్రం కనీస అమ్మకం ధరను కిలో రూ.31గా పెట్టింది. అది కనీసం మాత్రమే, మార్కెట్ ధర దానికన్నా పైనే ఉండొచ్చు. అయినా చెరకు ఖర్చే 34.63 అయితే జీతాలు, కరెంటు, రిపేర్లు, బ్యాంకు వడ్డీ మిగిలిన దాంట్లోంచే రావాలి. 2012లో రంగరాజన్ కమిటీ ఒక నిష్పత్తి సూచించింది. చక్కెర, దాని ప్రధాన ఉప ఉత్పత్తుల విలువలో 70 శాతం, లేదా చక్కెర విలువ ఒక్కటే చూస్తే 75 శాతం రైతుకు వెళ్లాలని. ఆ 75 శాతం లెక్కలో 34.63 రావాలంటే మిల్లు గేటు దగ్గర చక్కెర కిలో రూ.46 పైన అమ్ముడుపోవాలి. 34.63ను 0.75తో భాగించి మీరే చూడండి.

ఇథనాల్ ప్లాంటు, కరెంటు ఉత్పత్తి ఉన్న పెద్ద మిల్లులు మొలాసిస్, పిప్పి మీద కొంత రాబట్టుకుంటాయి. చిన్న, పాత సహకార మిల్లులకు ఆ అవకాశం తక్కువ. ఉమ్మడి విశాఖ జిల్లాలో ఒకప్పుడు నాలుగు సహకార చక్కెర మిల్లులు ఉండేవి: గోవాడ, ఏటికొప్పాక, తాండవ, తుమ్మపాల. గోవాడ తప్ప మిగతా మూడూ ముందే గానుగాట ఆపేశాయి. గోవాడలోనూ బకాయిల కోసం రైతుల ఆందోళనలు, ఫ్యాక్టరీ భవిష్యత్తుపై అనుమానాలు ఇటీవలి సీజన్లలో వార్తలయ్యాయి. అప్పులు, పాత యంత్రాలు, తగ్గిన చెరకు సాగు, నిర్వహణ లోపాలు... కారణాలు చాలా ఉంటాయి. కానీ తక్కువ రికవరీ దగ్గర ఈ విలోమానుపాతం ప్రతి చిన్న మిల్లునూ నొక్కేస్తుందన్నది లెక్కే చెబుతోంది. రైతుకు కాగితం మీద ఇచ్చిన రక్షణ మిల్లు మీద భారమై, చివరికి బకాయి రూపంలో మళ్లీ రైతు దగ్గరికే వస్తుంది.

బేస్ జరిగితే హెడ్‌లైన్ మారదు, డబ్బు మారుతుంది

ఇప్పుడు గత కొన్నేళ్లు చూద్దాం. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

2017-18లో ధర రూ.255. అప్పుడు బేస్ రికవరీ 9.5 శాతం. 2018-19లో ధర రూ.275. హెడ్‌లైన్ ప్రకారం రూ.20 పెరిగింది, అంటే 7.8 శాతం. కానీ అదే ఏడాది బేస్‌ను 10 శాతానికి జరిపారు. 9.5 రికవరీ ఉన్న మిల్లు రైతుకు వచ్చింది రూ.261.25. పెరిగింది రూ.6.25, అంటే 2.45 శాతం.

2021-22లో రూ.290, బేస్ 10. 2022-23లో రూ.305, బేస్ 10.25. హెడ్‌లైన్ పెంపు 5.2 శాతం. 9.5, అంతకన్నా తక్కువ రికవరీ దగ్గర రూ.275.50 నుంచి రూ.282.125కు వెళ్లింది. పెంపు 2.4 శాతం.

ఇప్పుడు 2025-26కు రండి. 340 నుంచి 355, పెంపు 4.41 శాతం. కనీస ధర 315.10 నుంచి 329.05, పెంపు 4.43 శాతం. ఈసారి రెండూ దాదాపు ఒకటే. ఎందుకు? బేస్ 10.25 దగ్గరే ఉంది. బేస్ కదలకపోతే అనులోమానుపాతంలో అందరికీ ఒకే శాతం పెరుగుతుంది. బేస్ కదిలితే హెడ్‌లైన్ ఒకటి చెబుతుంది, జేబు ఇంకోటి చెబుతుంది.

2017-18 నుంచి 2025-26 వరకు మొత్తం కలిపి చూస్తే ఇంకా స్పష్టం. హెడ్‌లైన్‌లో 255 నుంచి 355. వంద రూపాయలు, 39 శాతం పెంపు. 9.5 రికవరీ రైతుకు 255 నుంచి 329.05. పెంపు రూ.74.05, అంటే 29 శాతం. 40 టన్నులు మిల్లుకు తోలిన రైతు ఈ సీజన్‌లో టీవీలో విన్న ధరతో లెక్కేసుకుంటే రూ.1,42,000. కనీస ధరతో అయితే రూ.1,31,620. తేడా రూ.10,380. ఒక సెమిస్టర్‌లో హాస్టల్ మెస్ బిల్లుకు దగ్గరగా ఉండే మొత్తం.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. పూర్తి ప్రకటనలో ఇవన్నీ ఉన్నాయి. హెడ్‌లైన్‌లో చోటు లేక బేస్ ఎగిరిపోయింది, అంతే. డేటా ఇంటర్‌ప్రిటేషన్ ప్రశ్నల్లోనూ ఇదే జరుగుతుంది. చార్ట్ కింద చిన్న అక్షరాల్లో ‘2015 = 100’ అని ఉంటుంది. చూడనివాళ్లు మార్కులు పోగొట్టుకుంటారు.

కేంద్రం ప్రకటనలో ఇంకో అంకె కూడా ఉంది. ఉత్పత్తి ఖర్చు క్వింటాల్‌కు రూ.173, ధర దానికన్నా 105.2 శాతం ఎక్కువ అని. 355ను 173తో భాగిస్తే 2.052. అంటే ధర ఖర్చుకు 205.2 శాతం, ఖర్చు కన్నా 105.2 శాతం ఎక్కువ. ‘కు’, ‘కన్నా’ మధ్య తేడా సరిగ్గా 100. ఆప్షన్లలో రెండూ ఇస్తారు, జాగ్రత్త. ఇంకా ముఖ్యమైన ప్రశ్న, ఏ ఖర్చు? ఇది రైతు చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటివాళ్ల శ్రమ విలువ కలిపిన లెక్క. దీన్ని ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ అంటారు. సొంత భూమికి రావాల్సిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే దాన్ని సీ2 అంటారు. హారం పెరిగితే శాతం తగ్గుతుంది. గిట్టుబాటు ధరల మీద ఏళ్లుగా నడుస్తున్న గొడవలో పెద్ద భాగం ఈ హారం ఏదన్న దాని మీదే. గ్రూప్స్ మెయిన్స్ రాసేవాళ్లు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకున్నా పనికొస్తుంది.

శాతం వేరు, శాతం పాయింటు వేరు

మిల్లు రికవరీ 9.5 నుంచి 9కి పడింది అనుకోండి. ‘అర శాతమే కదా తగ్గింది’ అంటారు. లక్ష టన్నుల చెరకు ఆడిన మిల్లులో లెక్కేయండి. 9,500 టన్నుల చక్కెర రావాల్సింది 9,000 టన్నులే వచ్చింది. 500 టన్నులు తక్కువ. 9,500 మీద అది 5.26 శాతం. తగ్గింది 0.5 శాతం పాయింట్లు, చక్కెర పోయింది 5.26 శాతం. రెండింటినీ ‘శాతం’ అనే ఒకే మాటతో చెప్పేస్తే పదింతల తేడా కనబడకుండా పోతుంది.

ఆ అర పాయింటు ఎక్కడ పోతుంది? కొంత పొలంలో, కొంత మిల్లులో, కొంత మధ్య దారిలో. కోసిన చెరకులో చక్కెర గంటగంటకూ తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది. అందుకే కోసిన 24 గంటల్లోపు ఆడించడం మేలంటారు. బండ్లు యార్డులో రోజుల తరబడి క్యూ కడితే ఆ ఎండలో ఆరిపోయేది నిష్పత్తిలోని పైసంఖ్య.

ఇంకో చిక్కు. రికవరీ మిల్లు మొత్తానికి సగటు. మంచి రకం వేసి, సరైన వయసులో కోసి, వెంటనే తోలిన రైతుకూ, ఎండిన చెరకు తోలిన రైతుకూ ఒకే ధర. బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రంలో ‘కాన్‌సెకానా’ అనే పద్ధతి ఉంది. అక్కడ రైతు తెచ్చిన చెరకులో ఉన్న చక్కెర శాతాన్ని కొలిచి దాని ప్రకారం డబ్బు లెక్కగడతారు. మన దగ్గర చిన్న చిన్న కమతాలు, బండికో శాంపిల్ తీయడం అంత తేలిక కాదు. అయినా నిష్పత్తి మిల్లుకు కట్టాలా, మనిషికి కట్టాలా అన్నది ఒక విధాన ప్రశ్న అని గుర్తించండి.

ఆ సగటు తీయడంలోనూ ఒక ఉచ్చు ఉంది. సీజన్ మొదట్లో 20,000 టన్నులు ఆడితే రికవరీ 8.5, తర్వాత 60,000 టన్నులు ఆడితే 9.7 వచ్చిందనుకోండి. సగటు 9.1 అనేస్తే తప్పు. మొత్తం చక్కెర 1,700, 5,820 కలిపి 7,520 టన్నులు. మొత్తం చెరకు 80,000 టన్నులు. రికవరీ 9.4 శాతం. శాతాల సగటు తీయకూడదు. పైవి పైవి కలపాలి, కిందవి కిందవి కలపాలి, అప్పుడు భాగించాలి. మిక్చర్లు, యావరేజీల చాప్టర్ మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

14 రోజులు, 15 శాతం, నూటికి రెండు రూపాయలు

రేటు అంటే రెండు వేర్వేరు యూనిట్ల మధ్య నిష్పత్తి. గంటకు కిలోమీటర్లు, ఏడాదికి శాతం, నెలకు నూటికి రూపాయలు. యూనిట్ వదిలేస్తే రేటుకు అర్థమే లేదు.

1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందుకున్న 14 రోజుల్లో మిల్లు డబ్బు ఇవ్వాలి. దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. పైన చెప్పిన రూ.1,31,620 గడువు దాటాక 90 రోజులు ఆగిందనుకోండి. వడ్డీ 1,31,620 ఇంటూ 0.15 ఇంటూ 90/365. అంటే సుమారు రూ.4,868.

ఆ మూడు నెలలు ఇల్లు గడవడానికి రైతు అదే మొత్తం నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. చెప్పడానికి ‘రెండే’. కానీ అది నెలకు. ఏడాదికి 24 శాతం. మూడు నెలలకు రూ.7,897. మిల్లు నుంచి చట్ట ప్రకారం వడ్డీ పూర్తిగా అందినా ఇంకా రూ.3,029 చేతి నుంచి పడుతుంది. చట్టంలో వడ్డీ ఉండటం వేరు, అది చేతికి అందటం వేరు అన్నది మీకు చెప్పక్కర్లేదు.

బ్యాంకు పంట రుణం ఉన్నవాళ్లకు ఇంకో దెబ్బ. రూ.3 లక్షల వరకు పంట రుణం 7 శాతానికి ఇస్తారు. గడువులోపు కట్టేస్తే 3 శాతం రాయితీ, అంటే పడేది 4 శాతమే. చెరకు డబ్బు రాక గడువు దాటితే రాయితీ పోతుంది. 4 నుంచి 7. మూడు శాతం పాయింట్లే, కానీ కట్టే వడ్డీ 75 శాతం పెరిగింది.

మరి మిల్లుకు తోలకుండా బెల్లం వండితే? అనకాపల్లి మార్కెట్ పక్కనే ఉంది కదా. సుమారుగా 10 టన్నుల చెరకుకు ఒక టన్ను బెల్లం వస్తుందనుకుందాం. 10 టన్నులకు మిల్లు కనీస ధర రూ.32,905. అంటే కిలో బెల్లానికి రూ.32.90 అన్నది సమానమయ్యే చోటు. దాని మీద వంట కూలి, కట్టెలు, రవాణా, కమీషన్ కిలోకు ఎంత పడుతుందో కలపాలి. మార్కెట్ రేటు అంతకన్నా పైన ఉంటే బెల్లం లాభం. పైగా డబ్బు త్వరగా చేతికొస్తే ఆదా అయ్యే వడ్డీని కూడా ఈ పక్క కలుపుకోవాలి. రెండు దారుల్ని ఒకే యూనిట్‌లోకి తెచ్చి పోల్చడం, ‘యూనిట్ రేట్’ అంటే ఇదే.

మీ ఉద్యోగాల వేటలోకి వస్తే

ఇదే కళ్లతో మీ చుట్టూ ఉన్న అంకెల్ని చూడండి. కాలేజీ బ్రోచర్‌లో ‘90 శాతం ప్లేస్‌మెంట్లు’ అని ఉంటుంది. దేని మీద 90? ఉదాహరణకు ఒక బ్యాచ్‌లో 600 మంది. బ్యాక్‌లాగ్స్ లేక, కటాఫ్ ఉండి, డ్రైవ్‌కు రిజిస్టర్ అయినవాళ్లు 300. ఉద్యోగం వచ్చినవాళ్లు 270. 300 మీద 90 శాతం, 600 మీద 45 శాతం. రెండూ నిజాలే. చేరబోయే తమ్ముడికో చెల్లికో మీరు ఏ అంకె చెబుతారు?

ఆఫర్ లెటర్‌లో ‘40 శాతం హైక్’ అంటే సీటీసీ మీదా, చేతికొచ్చే జీతం మీదా? వేరియబుల్ పే పెంచి, బేసిక్ అలాగే ఉంచినా సీటీసీ పెరుగుతుంది. అడగడానికి మొహమాటపడొద్దు. హెచ్ఆర్ రోజూ వినే ప్రశ్నే అది.

పరీక్ష హాల్లో టైం కూడా రేటే. ఎస్ఎస్సీ సీజీఎల్ టైర్-1లో 100 ప్రశ్నలకు 60 నిమిషాలు, అంటే ప్రశ్నకు 36 సెకన్లు. ఆర్ఆర్‌బీ ఎన్‌టీపీసీ మొదటి దశలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు, ప్రశ్నకు 54 సెకన్లు. ఒకే మాక్ టెస్ట్ వేగంతో రెండూ రాయలేరు.

షార్ట్‌కట్ ఫార్ములాలు వద్దనడం లేదు. కానీ ఫార్ములా ఎక్కించే ముందు ఏ అంకె కనిపించినా ఈ నాలుగు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోండి.

1. దేనికి, ఎంతకు? క్వింటాల్‌కా, టన్నుకా? నెలకా, ఏడాదికా?
2. బేస్ ఏది? ఏ సంఖ్య మీద శాతం తీశారు?
3. పోల్చిన రెండు చోట్లా బేస్ ఒకటేనా, మధ్యలో జరిగిందా?
4. ఈ అనుపాతం ఎక్కడి వరకు నడుస్తుంది? ఎక్కడ ఆగిపోతుంది?

మీరే చేసి చూడండి

ప్రశ్న 1: 2025-26లో ఒక మిల్లు రికవరీ 9.8 శాతం. రైతుకు టన్నుకు ఎంత?

ప్రశ్న 2: రికవరీ 9.6 నుంచి 10.2కు పెరిగింది. ఎన్ని పాయింట్లు పెరిగింది? అదే చెరకుకు చక్కెర ఎంత శాతం పెరిగింది?

ప్రశ్న 3: మొదటి 40,000 టన్నులకు రికవరీ 9, తర్వాతి 60,000 టన్నులకు 9.5. సీజన్ రికవరీ ఎంత? ఆ రికవరీకి 2025-26 రేటు ప్రకారం క్వింటాల్ ధర ఎంత?

జవాబులు: 1) 10.25 కన్నా 0.45 తక్కువ, అంటే 4.5 మెట్లు. 355లోంచి 15.57 తీసేస్తే క్వింటాల్‌కు 339.43, టన్నుకు రూ.3,394.30. 2) 0.6 పాయింట్లు; చక్కెర 6.25 శాతం. 3) 3,600, 5,700 కలిపి 9,300 టన్నులు, రికవరీ 9.3 శాతం. ధర మాత్రం రూ.329.05. 322.13 అని రాసినవాళ్లు నాలుగో ప్రశ్న అడగడం మర్చిపోయారన్నమాట. 9.5 కింద కోత లేదు.